కోటేశ్వరి గారి ప్రతిష్ఠ

అంతా ఒక కుర్చీ దగ్గర మొదలైంది.

జిల్లా స్టేడియంలో సన్మాన సభ. మంత్రిగారి పక్కన పట్టుగుడ్డ కప్పిన కుర్చీ ఒకటే వేశారు. సన్మానం ఇద్దరికి. ఒకతను విదేశంలో మూడు వారాలు సాగే సైకిల్ పందెంలో ఒక్కరోజు మొదట వచ్చాడు, తక్కిన ఇరవై రోజులు ఎక్కడో వెనక వచ్చాడు. రెండో అతను మరో దేశంలో ఒక్కరోజులో ముగిసిపోయే రాళ్లబాట పందెం మొత్తంగా గెలిచాడు. ఇద్దరూ ఒకే విమానం దిగి, ఒకే కారులో వచ్చి, ఒకే కుర్చీ ముందు నిలబడ్డారు.

"వీళ్లిద్దర్లో ఎవరిది పెద్ద గెలుపయ్యా?" అని మంత్రిగారు అడిగారు.

వేదిక మీద పదకొండు మంది అధికారులున్నారు. పదకొండు మందీ పూలదండల బుట్టలోకి చూశారు. చివరికి ఆ కుర్చీలో మంత్రిగారి బావమరిది కూర్చున్నాడు. గెలిచినవాళ్లిద్దరూ సభ అయిందాకా నిలబడే ఉన్నారు. ఆ మర్నాడే, ఇలాంటి అవమానం ప్రభుత్వానికి మళ్లీ జరగకూడదని రాష్ట్ర ద్విచక్ర క్రీడా ప్రాధికార సంస్థ ఒక సంఘాన్ని వేసింది. దాని పేరు విజయ ప్రతిష్ఠా తారతమ్య నిర్ధారణ సంఘం. పేరు బోర్డు మీద పట్టక రెండు వరసల్లో రాయించారు.

ఆ సభలో చప్పట్లు కొట్టడానికి తోలుకొచ్చిన హాస్టల్ పిల్లల్లో కోటేశ్వరి కూడా ఉంది. పిల్ల అనడమే గాని ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. ఒంగోలు సైకిల్ హాస్టల్లో చేరి తొమ్మిదేళ్లయింది. ఆ తొమ్మిదేళ్లలో ఆమె ఒక్క పందెమూ గెలవలేదు. గెలవడం ఆమె పని కాదు.

ఆమె పని ముందు తొక్కడం. ఎదురుగాలిలో ముందు పోయే మనిషికి నూరు పాళ్లు కష్టమైతే, ఆ చక్రం వెనక చక్రం ఆనించినట్టు పెట్టి వచ్చే మనిషికి డెబ్భై పాళ్లే. కోటేశ్వరి గాలిని తన రొమ్ముతో చీల్చుకుంటూ పోతుంది, వెనక అదే హాస్టల్ పిల్ల సుహాసిని దాక్కుని వస్తుంది. గెలుపు గీత ఇంక రెండు వందల మీటర్లు ఉందనగా కోటేశ్వరి కుడివైపుకి తప్పుకుంటుంది. సుహాసిని బాణంలా దాటిపోయి గెలుస్తుంది. ఫొటోలో సుహాసిని రెండు చేతులూ ఎత్తి ఉంటుంది, కోటేశ్వరి ఫొటోలో ఉండదు. ఇలా ప్రతి పందెంలోనూ రెండు వందల మీటర్ల దగ్గర విడిపోవడం ఆమెకు అలవాటే. కానీ పందెం అయ్యాక సుహాసిని వెనక్కి తిరిగి వచ్చి "అక్కా, నీళ్లు" అని సీసా ఇస్తుంది. ఆ సీసా కోసమే తప్పుకోవడం.

వెనక్కి రాని విడిపోవడాలంటేనే కోటేశ్వరికి భయం. హాస్టల్ నుంచి వెళ్లిపోయిన ప్రతి పిల్లదీ ఒక రేకు ట్రంకుపెట్టె ఉండేది. పెట్టె పోయినా, అది కూర్చున్న చోట గచ్చు మీద తుప్పు మరక నలుచదరంగా ఉండిపోతుంది. అలాంటి మరకలు ఆ గదిలో పద్నాలుగు ఉన్నాయి. ఏ మరక ఎవరిదో కోటేశ్వరి చెప్పగలదు. ఊడ్చేటప్పుడు కూడా వాటిని తొక్కకుండా ఊడుస్తుంది.

సంఘం విచారణకు హాస్టల్ కోచ్ ఏసోబు మాస్టారిని నిపుణుడుగా పిలిచింది. ఆయన కోటేశ్వరిని వెంటబెట్టుకుని వెళ్లారు.

సంఘం చైర్మన్ విశ్వపతి గారు. ఆయన గతంలో చేపల శాఖలోనూ, దేవాదాయంలోనూ, తూనికల కొలతల్లోనూ పనిచేసి, ఏ శాఖలోనూ తనను గుర్తుంచుకునే పొరపాటేదీ చెయ్యకుండా రిటైరయ్యారు. ఎడమవైపు సూపరింటెండెంటు శేషావతారం ఉన్నాడు. కుడివైపు సభ్యుడు, ఒక లెక్కల లెక్చరరు.

"మాస్టారూ, మూడు వారాల పందెం గొప్పదా, ఒక్కరోజుది గొప్పదా? అవునూ కాదూ అని సూటిగా చెప్పండి," అన్నారు చైర్మన్.

"దేని గొప్ప దానిదేనండి. ఒకటి ఓపిక, ఇంకొకటి తెగువ."

"ఓపికకూ తెగువకూ వేర్వేరు పద్దులు లేవు. శేషావతారం, మీ అభిప్రాయం?"

శేషావతారం లేచి నిలబడ్డాడు. "మూడు వారాల పందెం పర్మినెంటు ఉద్యోగంతో సమానం సార్. ఒక్కరోజు పందెం దినసరి కూలి కింద వస్తుంది. అయితే ఈ మూడు వారాల పందెంలో ఒక అభ్యంతరకరమైన అంశం నా దృష్టికి వచ్చింది. ఏ రోజూ మొదట రానివాడు కూడా, మొత్తం కాలం కలిపితే తక్కువ పట్టిందని చెప్పి మొదటివాడు అవుతున్నాడు. రోజూ మూడోవాడు, ఇరవై ఒక్క రోజులకు మొదటివాడు ఎలా అవుతాడు? ఆడిట్ ఒప్పుకోదు."

"మరి ప్రపంచ చాంపియన్?"

"అది ఇంకా ఘోరం సార్. ఒక్కరోజు గెలిచి, ఏడాది పొడుగునా ఇంద్రధనుస్సు చొక్కా వేసుకుని తిరుగుతాడు. ఒక్కరోజు డ్యూటీకి ఏడాది యూనిఫాం ఏ శాఖలోనూ లేదు."

"కొండలు ఎక్కినవాడికి చుక్కల చొక్కా ఇస్తారట."

"చుక్కలకు టెండరు పిలిచిన దాఖలా లేదు సార్."

చైర్మన్ గారు కాగితాలు తిప్పారు. "ఇదేదో గంట రికార్డు. గంటసేపు ఒకే వలయంలో గుండ్రంగా తిరిగి, బయలుదేరిన చోటే దిగడం. ఇది మాత్రం గౌరవప్రదంగా ఉంది," అన్నారు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు ఆయన కళ్లముందు తిరిగినట్టుంది.

తర్వాత ఆయన చూపు కోటేశ్వరి మీద పడింది. "అమ్మాయ్, నువ్వేం గెలిచావు?"

"ఏం గెలవలేదండి."

"తొమ్మిదేళ్లు హాస్టల్లో ఉన్నట్టుంది. ఏం చేస్తున్నావు మరి?"

"ముందు తొక్కతన్నానండి."

"ముందు తొక్కినవాళ్లు గెలవాలి గదా."

"ముందు తొక్కేవాళ్లకి గాలి కొడద్దండి. నేను గాలి కాసుకుంటే ఎనకమాల వచ్చే పిల్ల గెలుస్తదండి."

చైర్మన్ గారు శేషావతారం వైపు చూశారు. శేషావతారం నియమావళి తిరగేసి, "గాలి ప్రస్తావన ఎక్కడా లేదు సార్," అన్నాడు.

బయటికొచ్చాక ఏసోబు మాస్టారు కోటేశ్వరితో బస్టాండుకు నడిచారు. అక్కడ అన్నారు, "మే, కోటీ, నువ్వు మామిడికాయ గెలిచానని చెప్పినా బాగుండేదే. రాసుకునేవాళ్లు."

మూడు నెలలకు పట్టిక వచ్చింది. గెలుపుకు పట్టిన కాలమే ప్రతిష్ఠకు కొలమానం అని సంఘం తేల్చింది. ఇరవై ఒక్క రోజులు ఒక్కరోజు కన్నా పెద్దవి కనుక. అయితే దూరాలు వేరు కాబట్టి కాలాన్ని దూరంతో భాగిస్తేనే న్యాయమని లెక్కల లెక్చరరు సూచించాడు. ఆ లెక్కన కిలోమీటరుకు ఎక్కువ కాలం తీసుకున్నవాడికి ఎక్కువ ప్రతిష్ఠ వస్తుందన్న సంగతి, ఆర్డరు అచ్చయి జిల్లాలకు వెళ్లాక గాని ఎవరికీ తట్టలేదు. తట్టాక కూడా మార్చలేదు. అచ్చయిన ఆర్డరు తప్పయితే అచ్చు వేయించినవాడి ప్రతిష్ఠ ఏం కావాలి?

పట్టికతో పాటు మర్యాదల నియమాలు వచ్చాయి. తక్కువ ప్రతిష్ఠ గలవారు ఎక్కువ ప్రతిష్ఠ గలవారికి ముందుగా నడవరాదు, కూర్చోరాదు, తొక్కరాదు. దాటవలసివస్తే మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టి పదిహేను రోజులు ఆగాలి. రెండో స్థానం గెలుపు కాదు గనుక దానికి ప్రతిష్ఠ లేదు. శూన్య ప్రతిష్ఠ గలవారు రాబోయే సెలక్షన్ పందెం ముగిసిన వెంటనే హాస్టల్ ఖాళీ చెయ్యాలి.

సుహాసిని నాలుగు రోజుల పందెం ఒకటి గెలిచి ఉంది. ఆమెకు మూడో తరగతి వచ్చింది. కోటేశ్వరి సైకిలుకు శూన్యమని రేకు బిళ్ల కట్టారు. ఏసోబు మాస్టారు తన కాలంలో జాతీయ పందాల్లో మూడుసార్లు రెండోవాడుగా వచ్చినాయన, ఆయనా శూన్యమే. అప్పట్నించి ఆయన తన శిష్యులందరి వెనకా మోపెడ్ మీద వస్తూ, నలభై గజాల దూరం నుంచి కేకలతో శిక్షణ ఇవ్వవలసివచ్చింది. గాలి ఎదురుగా ఉన్న రోజు ఆ కేకలు ఆయనకే వినిపించేవి.

పంపు దగ్గర గాలి కొట్టుకోవడం తరగతుల వారీగా. మెస్సులో పప్పు తరగతుల వారీగా. కోటేశ్వరి వంతు వచ్చేసరికి పప్పులో తాలింపు గింజలు కూడా మిగిలేవి కావు. అది ఆమెను బాధించలేదు. కొత్తపట్నం రోడ్డు మీద సాధన బాధించింది.

సముద్రం నుంచి ఎదురుగాలి. నియమం ప్రకారం సుహాసిని ముందు, కోటేశ్వరి వెనక. తొమ్మిదేళ్లలో మొదటిసారి కోటేశ్వరికి గాలి తగల్లేదు. ఎవరో వాకిలి మూసినట్టుంది. ముందు సుహాసిని భుజాలు పదో కిలోమీటరుకే ఊగడం మొదలుపెట్టాయి. ఇంట్లో పెద్దవాళ్లు బిందెలు మోస్తుంటే తాను మంచమ్మీద పడుకున్నట్టు కోటేశ్వరికి సిగ్గేసింది.

"అక్కా, నాకు గాల్లో ఎట్ట తొక్కాలో తెలవదక్కా," అంది సుహాసిని మైలురాయి దగ్గర దిగి. ఆమె పెదాలు తెల్లబడి ఉన్నాయి. "ఇట్టాగే తొక్కితే సెలక్షన్లో నేను గెలిచేది లేదు."

సెలక్షన్ పందానికి ఉత్తరాది నుంచి జాతీయ క్యాంపు మేడం వస్తోంది. ఎనభై కిలోమీటర్లు రెండున్నర గంటల్లోపు తొక్కి గెలిచిన పిల్లను తీసుకుంటుంది. ఆ పిల్లకు ముందు తొక్కే మనిషిని ఒకరిని వెంట తెచ్చుకునే హక్కు ఉంది. సుహాసిని గెలిస్తే ఇద్దరూ రైలెక్కుతారు. గెలవకపోతే కోటేశ్వరి పెట్టె లేస్తుంది, గచ్చు మీద పదిహేనో మరక మిగులుతుంది.

"నువ్వు తాగు ముందు," అని కోటేశ్వరి సీసా ఇచ్చింది. "పందెం నాటికి ఏదో ఒకటి చేద్దాంలే."

ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. ఈలోగా సంఘమే ఇంకొకటి చేసింది.

పట్టికలో అందరికన్నా పైన ఎవరు ఉండాలన్న ప్రశ్న వచ్చింది. మూడు వారాల పందెం గెలిచినవాడికి కిలోమీటరుకు ఒకటిన్నర నిమిషం చిల్లర పడింది. అంతకన్నా ఎక్కువ కాలం తీసుకున్న విజేత ఎవరైనా రాష్ట్రంలో ఉన్నారా అని శేషావతారం నిజాయితీగా వెతికాడు. చైర్మన్ గారి సొంత వివరాల పత్రంలో దొరికింది. విశ్వపతి గారు కాలేజీ రోజుల్లో నిదానపు సైకిల్ పందెం గెలిచారు. ఆగస్టు పదిహేనుకి బళ్లలో పెడతారే, అది. ఆఖరున వచ్చినవాడు గెలిచినట్టు, కాలు కింద పెట్టినవాడు ఓడినట్టు. ఆయన యాభై మీటర్లు నాలుగు నిమిషాల్లో పూర్తిచేశారు. కిలోమీటరుకు ఎనభై నిమిషాలు.

"అంటే?" అన్నారు చైర్మన్ గారు, తెలియనట్టు.

"మూడు వారాల పందెం కన్నా తమరిది యాభై రెట్లు సార్," అన్నాడు శేషావతారం. అతను ముఖస్తుతి చెయ్యలేదు. లెక్క అలా వచ్చింది, అంతే.

చైర్మన్ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకు మొదట్నించీ అనుమానంగానే ఉండేది," అన్నారు.

కనుక సెలక్షన్ పందెంలో అందరికన్నా ముందు ఆయనే తొక్కాలి. ఆయనను ఎవరూ దాటరాదు.

పందెం రోజు ఉదయం ఏడు గంటలకు ఇరవై ముగ్గురు ఆడపిల్లలు సన్నటి చక్రాల సైకిళ్ల మీద తరగతుల వారీగా నిలబడ్డారు. అందరికీ ముందు విశ్వపతి గారు, గంట, స్టాండు, వెనక క్యారియరు ఉన్న నల్ల సైకిలు మీద, మెడలో బంతిపూల దండతో. మేడం ఈ నల్ల సైకిలు ఎవరిదని హిందీలో అడిగింది. దారి చూపించే ఏర్పాటు కాబోలని ఎవరో సర్దిచెప్పారు. ఆమె స్టాప్‌వాచీ నొక్కి, కారెక్కి గీత దగ్గరికి వెళ్లిపోయింది.

వంద గజాల తర్వాత ఆయన పక్కకు తప్పుకుంటారని అందరూ అనుకున్నారు. ఆయన తప్పుకోలేదు. నలభై ఐదేళ్లుగా లోపల దాక్కున్న విద్య బయటికొచ్చింది. ముందు చక్రాన్ని ఇటు అటు తిప్పుతూ, బ్రేకు పట్టి వదులుతూ, ఆయన అద్భుతంగా, అతి నిదానంగా తొక్కారు. వెనక ఇరవై ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడుతూ లేస్తూ వచ్చారు. పక్కన మేత మేస్తున్న గేదె ఒకటి వాళ్లను దాటిపోయింది. దానికి బిళ్ల లేదు కాబట్టి శేషావతారం జీపులోంచి ఏమీ అనలేకపోయాడు.

ఇరవై నిమిషాలకు అరకిలోమీటరు అయింది.

సుహాసిని ఏడుస్తోంది. శబ్దం లేదు, గడ్డం మాత్రం అదురుతోంది. అందరికీ ఆఖరున ఉన్న కోటేశ్వరికి అది కనిపించింది. ఆమె ఇంక వరసలో ఉండలేకపోయింది. రోడ్డు అంచు వెంట ముందుకొచ్చి, చైర్మన్ గారి పక్కకు చేరింది. ముందు తొక్కరాదని ఉంది గాని పక్కన తొక్కరాదని ఎక్కడా లేదు.

"అయ్యా," అంది. "దణ్ణం పెడతానయ్యా. కొంచెం పక్కకి జరగండి. పిల్లలకి టైం పోతంది."

ఆయన తల తిప్పి చూశారు. పక్కన ఇంకో సైకిలు, తన వేగమే, ఒక మొహం. అది విన్నపమని ఆయనకు అర్థం కాలేదు. పందెంలో పక్కవాడు కనిపిస్తే ఏం చెయ్యాలో ఆయన ఒంటికి ఒక్కటే తెలుసు. ఇంకా నిదానించారు.

కోటేశ్వరి సమాధానం కోసం ఆగింది. ఆగడమంటే ఆమె కాలు కింద పెట్టదు. లెవెల్ క్రాసింగు గేటు పడ్డప్పుడల్లా పెడల్ మీద నిలబడి, చక్రం అరంగుళం ముందుకీ వెనక్కీ ఆడించుకుంటూ గూడ్సు బండి వెళ్లిపోయేదాకా అలాగే ఉండడం ఆమెకు తొమ్మిదేళ్ల అలవాటు.

"అయ్యా, ఏం చెబుతారయ్యా?"

విశ్వపతి గారు కూడా ఆగడానికి ప్రయత్నించారు. దండ ఊగింది. హాండిలు ఊగింది. ఆయన మొహం బంతిపువ్వు రంగుకొచ్చింది. మూడు క్షణాలు, నాలుగు. తర్వాత ఆయన కుడికాలు నేల మీద పడింది. దాని వెనక ఆయన, ఆయన మీద నల్ల సైకిలు.

జీపులోంచి శేషావతారం దిగాడు. అతను చైర్మన్ గారిని లేపలేదు, ముందు లెక్క చూశాడు. "సదరు శూన్య తరగతి అభ్యర్థిని, నిదానపు పోటీలో తమరిని ఓడించినట్టు కనబడుతోంది సార్," అన్నాడు బాధగా. "కదిలిన దూరం సున్నా. పట్టిన కాలం ఇరవై మూడు సెకన్లు. కాలాన్ని సున్నాతో భాగిస్తే..." లెక్చరరు వైపు చూశాడు.

జీపులో కూర్చున్న లెక్చరరు కొంచెం ఆలోచించి, పాఠాల్లో దీన్ని ఒప్పుకోరు గాని ప్రభుత్వంలో ఒప్పుకోవచ్చునని, అనంతం అని రాసుకోమని అన్నాడు.

శేషావతారం నిబంధనకు కట్టుబడ్డ మనిషి. తన తండ్రి మీద ఆర్డరు వచ్చినా అందజేస్తాడు. మైకు తీసుకుని ప్రకటించాడు. "కుమారి కోటేశ్వరి గారికి అనంత ప్రతిష్ఠ. అందరికన్నా ముందు తొక్కవలసిందిగా కోరడమైనది."

కోటేశ్వరి ముందుకొచ్చింది. "సుహా, పట్టుకో," అంది.

సుహాసిని చక్రం వచ్చి ఆమె చక్రం వెనక చేరింది. ఆ తర్వాత డెబ్భై తొమ్మిదిన్నర కిలోమీటర్లు ఆమె తల ఎత్తలేదు. సముద్రం మీద నుంచి గాలి వచ్చింది, ఉప్పూ ఇసకా వచ్చాయి. తొడలు మండాయి, నోట్లో ఇనుము రుచి వచ్చింది. ఆమెకు హాయిగా ఉంది. వెనక చక్రం చప్పుడు తోడుగా వినిపిస్తున్నంతసేపూ ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. రెండు వందల మీటర్లు ఉందనగా ఎప్పటిలాగే కుడికి తప్పుకుంది. సుహాసిని దాటిపోయింది. రెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు గీత దాటింది.

మేడం సుహాసిని భుజం తట్టి, నిన్ను లాక్కొచ్చిన ఆ అమ్మాయి ఎవరని అడిగింది. "మా అక్క," అంది సుహాసిని. ఇద్దర్నీ తీసుకు రమ్మంది మేడం. వచ్చే శుక్రవారం రైలు.

సోమవారం కోటేశ్వరికి సంస్థ నుంచి రెండు కాగితాలు వచ్చాయి.

మొదటిది సంజాయిషీ నోటీసు. రాష్ట్రంలో అత్యున్నత ప్రతిష్ఠ గల మీరు, గీతకు రెండు వందల మీటర్ల దూరంలో మూడో తరగతి వారికి దారి ఇచ్చి ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో తెలపాలి. కోటేశ్వరి కింద ఒక్క వాక్యం రాసింది: నా పని అదేనండి.

రెండో కాగితాన్ని ఆమె రెండుసార్లు చదివింది. క్యాంపుకు వెళ్లడానికి సంస్థ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. సంస్థకు అభ్యంతరం ఉంది. అనంత ప్రతిష్ఠ రాష్ట్ర ఆస్తి, దాన్ని రాష్ట్రం సరిహద్దు దాటించడానికి వీలులేదు. పైగా అంతటి ప్రతిష్ఠ గలవారు మరొకరికి సహాయకురాలుగా వెళ్లడం తగదు. ఆమెకు స్టేడియంలో ఒక గది, గోడకు ఫొటో, జెండా పండుగలకు ముందు నడిచే గౌరవం ఇవ్వబడతాయి. పందాల్లో పాల్గొననక్కర్లేదు, ఎలాగూ ఎవరూ దాటడానికి లేదు కనుక.

"అంటే నేను ఒక్కదాన్నే పోవాల్నా?" అంది సుహాసిని.

కోటేశ్వరి కళ్లు సుహాసిని ట్రంకుపెట్టె అడుగున ఉన్నాయి.

మంగళవారం, బుధవారం ఆమె ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ప్రతిష్ఠను తిరిగి ఇచ్చెయ్యడానికి దరఖాస్తు రాసింది. ప్రతిష్ఠ వదులుకునే నిబంధన లేదని శేషావతారం చెప్పాడు. పుట్టుమచ్చను వెనక్కి ఇస్తామంటే ఎవరు తీసుకుంటారు?

"పోనీ పోగొట్టుకోవచ్చా అండి?" అని అడిగింది.

శేషావతారం పెన్ను ఆపాడు. ఆ కోణం అతనికి తట్టలేదు. "ఓడితే పోతుంది. కానీ ఎవరి చేతిలో? తమరు అనంతం. తమరితో పోటీకి దిగే స్థాయి రాష్ట్రంలో ఎవరికీ..." అంటూ లోపలి గది తలుపు వైపు చూశాడు.

లోపల విశ్వపతి గారు మోచేతికి కట్టుతో కూర్చుని ఉన్నారు. పడినప్పటి నుంచి ఆయనకు అన్నం సయించడం లేదు. తరగతి పోయినందుకు అటెండర్లు ఆయన కారు తలుపు తియ్యడం మానేశారు, నియమం ప్రకారమే. కోటేశ్వరి ఎదురుగా నిలబడి, "అయ్యా, ఆ రోజు ఎండ తమరి కళ్లల్లో పడింది. ఇంకోసారి పెట్టుకుందామయ్యా," అంది.

ఆయన మోచేతి కట్టు సర్దుకున్నారు. "ఎండ పడిన మాట వాస్తవం," అన్నారు.

గురువారం మధ్యాహ్నం ఆఫీసు ఆవరణలో సున్నంతో గీతలు గీశారు. సిబ్బంది అంతా వచ్చారు. శేషావతారం ఈల పట్టుకున్నాడు. కోటేశ్వరి ఈల మోగగానే కాలు కింద పెట్టింది. కానీ ఆ సరికే చైర్మన్ గారి కాలు కూడా కింద ఉంది.

"ఇద్దరిదీ ఏకకాలం. పునఃపోటీ," అన్నాడు శేషావతారం.

రెండోసారి చైర్మన్ గారు ఈలకు ముందే పడ్డారు. మూడోసారి ఆమె ఈలకు ముందే కాలు పెట్టింది. ఈలకు ముందు ఓటమి చెల్లదన్నాడు శేషావతారం. నాలుగోసారి మళ్లీ ఇద్దరూ ఒకేసారి. కోటేశ్వరి ఒళ్లంతా చెమట పట్టింది. తొమ్మిదేళ్లు ఏమీ గెలవకుండా ఉండడానికి ఇంత కష్టపడలేదు. రైలు రేపు. ఈ మనిషి చేతిలో ఓడడం చేతగాక తాను ఇక్కడే ఫొటోగా మిగిలిపోయేట్టుంది.

"అటెండర్లు సీటు పట్టుకుంటే తప్పేముందండి?" అంది. "పెద్దవాళ్ల సీటు నలుగురూ పట్టుకునే ఉంటారు గదా."

శేషావతారం నియమావళి చూశాడు. పట్టుకోరాదని లేదు. ఇద్దరు అటెండర్లు చైర్మన్ గారి సైకిలు సీటు చెరోవైపూ పట్టుకున్నారు. ఈల మోగింది. ఆయన శిలావిగ్రహంలా నిలబడ్డారు. కోటేశ్వరి ఒక క్షణం ఆగింది, మరీ తొందరపడితే బాగుండదని. తర్వాత కాలు కింద పెట్టింది.

చప్పట్లు మోగాయి. చైర్మన్ గారు దిగకుండానే అభ్యంతరం లేదన్న పత్రం మీద సంతకం పెట్టారు, అటెండర్లు ఇంకా పట్టుకునే ఉన్నారు. వాళ్లు ఎప్పుడు వదలాలో చెప్పే అధికారి ఎవరన్న చర్చ మొదలయ్యేసరికి కోటేశ్వరి గేటు దాటింది.

శుక్రవారం మధ్యాహ్నం స్టేషన్లో ఏసోబు మాస్టారు సైకిళ్లు రెండూ సామాను పెట్టెలో ఎక్కించి రసీదు తెచ్చారు. సుహాసిని రైలు తలుపు దగ్గర నిలబడి, పత్రం తీసుకుని పైకి చదివింది.

"కుమారి కె. కోటేశ్వరి గారి వలన ఈ రాష్ట్రమునకు ఎట్టి ప్రతిష్ఠయు లేనందున, ఆమె రాష్ట్రము విడిచి వెళ్లుటకు సంస్థకు ఎట్టి అభ్యంతరమూ లేదు."

కింద గుండ్రటి సీలు, ఆకుపచ్చ సిరాతో సంతకం ఉన్నాయి.

"ఎంత మాట రాశార్రా," అన్నారు మాస్టారు.

"కరెక్టుగానే రాశారు గదా మాస్టారూ," అంది కోటేశ్వరి. ఆమె చూపు సిగ్నలు మీద ఉంది. అది పడి రైలు ఎక్కడ కదిలిపోతుందోనని ఆమెకు ఇంకా భయంగానే ఉంది.

సుహాసిని పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి తన జాకెట్లో దాచుకుంది. "అక్కా, నీకు ప్రతిష్ఠ లేదంట."

"లేదు."

"అయితే ఎక్కు."